నల్లగొండ నుండి నల్లనీటి వరకు: మౌల్వీ సయ్యద్ అల్లాఉద్దీన్ జీవితం

మన తెలంగాణలో ఎవరైనా తన శక్తికి మించిన ధైర్యాన్ని ప్రదర్శిస్తే, వీడేమైనా పెద్ద తుర్రంఖానా అని ఎగతాళి చేయడం పరిపాటి. పల్లెలో గొర్రెలు కాచే బాలుని నుండి పట్నంలో ఆటో నడిపేవాని వరకు ఈ మాట ఎరుగనివారు అరుదు. ఈ మాటకు మూలపురుషుడు 1857లో హైదరాబాదులోని ఆంగ్లేయుల రెసిడెన్సీపై దండెత్తిన తుర్రెబాజ్ ఖాన్ అని పెద్దలు చెబుతారు. ఆయన పేరు జనుల నాలుకలపై సామెతగా నిలిచిపోయింది. కాని ఆ రోజున ఆ సాహసి భుజానికి భుజం కలిపి నడిచిన మరొక వ్యక్తి ఉన్నారు. ఆయన చేత శిక్షణ పొందిన సేన లేదు, ఆయన వెనుక జాగీరు లేదు. ఆయన మసీదులో ప్రసంగాలు చేసే పండితుడు. ఆయన పేరు మౌల్వీ సయ్యద్ అల్లాఉద్దీన్. ఆయన మన నల్లగొండ బిడ్డ.

ఆ ఇద్దరికీ పడిన శిక్ష ఒకటే. అది యావజ్జీవ ద్వీపాంతరవాసం. అందులో ఒకరు ఆ శిక్షను తప్పించుకొని, స్వదేశపు మట్టిపైనే తుపాకి గుండుకు నేలకొరిగారు. రెండవవారు బంగాళాఖాతం దాటి, తిరిగి రాని ద్వీపానికి వెళ్ళి, అక్కడ పాతికేళ్ళు జీవించారు. నేలకొరిగిన వీరుని లోకం మరచిపోలేదు. బ్రతికి శిక్ష అనుభవించిన వీరుని లోకం దాదాపు మరచిపోయింది. ఆ మరపును కొంతైనా తొలగించుకోవడం మన ప్రాంతపు విద్యార్థుల విధి అని భావించి ఈ నాలుగు మాటలు వ్రాయడమైనది.

మౌల్వీ అల్లాఉద్దీన్ 1824 ప్రాంతంలో నల్లగొండలో జన్మించినట్లు చరిత్రకారులు పేర్కొంటారు. అప్పటికి హైదరాబాదు సింహాసనంపై సికిందర్ జా ఉన్నారు. రైలు లేదు, తంతి లేదు, అచ్చయిన వార్తాపత్రిక పల్లెకు చేరే మాట అసలే లేదు. మన మెట్ట ప్రాంతంలో జీవితమంతా చెరువులు, కుంటలు, వానమబ్బుల చుట్టూ తిరుగుతూ ఉండేది. గద్వాల, వనపర్తి, మన ఆత్మకూరు రాజధానిగా గల అమరచింత వంటి సంస్థానాలు ఒకవైపు, జాగీరులు మరొకవైపు, నిజాం సొంత ఖర్చులకై కేటాయించిన సర్ఫెఖాస్ భూములు ఇంకొకవైపు ఉండి, ఆ రాజ్యం అనేక ముక్కలు కలిపి కుట్టిన బొంతవలె ఉండేది. అటువంటి రోజులలో విద్య కోరిన యువకునికి గమ్యం హైదరాబాదు నగరమే. సయ్యద్ అల్లాఉద్దీన్ ధార్మిక విద్యలో ఆరితేరి, ఆ నగరంలోని మక్కా మసీదులో ప్రబోధకులుగా స్థానం సంపాదించారు.

ఈ స్థానం ఎంతటిదో నేటి విద్యార్థులు గ్రహించాలంటే మక్కా మసీదును గురించి రెండు మాటలు చెప్పాలి. కుతుబ్ షాహీల కాలంలో ప్రారంభమై, ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయిన ఈ మసీదు దక్కనులోని ప్రార్థనాలయాలలో అగ్రగణ్యమైనది. శుక్రవారం మధ్యాహ్నం వేలాదిమంది అక్కడ సమావేశమయ్యేవారు. పత్రికలు లేని ఆ కాలంలో నగరానికి వార్త అందేది బజారులోనూ, మసీదు ప్రాంగణంలోనూ మాత్రమే. రాజుల కొలువులో మాట్లాడేవారికి ఆ కొలువు మాత్రమే శ్రోత. మక్కా మసీదులో మాట్లాడేవారికి నగరమంతా శ్రోత. మౌల్వీ గారికి దొరికిన ఆయుధం ఇదే.

ఆనాటి రాజకీయ పరిస్థితులను కూడా కొంత పరిశీలించవలసి ఉన్నది. 1798, 1800 సంవత్సరాలలో కుదిరిన సైన్యసహకార సంధుల మూలంగా నిజాం ప్రభువులు తమ విదేశీ వ్యవహారాలను ఈస్టిండియా కంపెనీకి ధారపోశారు. కంపెనీ పక్షాన హైదరాబాదులో కొలువుతీరిన రెసిడెంటు పేరుకు రాయబారి, కాని ఆచరణలో దివాన్ల నియామకం సైతం ఆయన కనుసన్నలలో జరిగేది. కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు హయాంలో మూసీ నది ఉత్తరపు ఒడ్డున నిర్మించిన రెసిడెన్సీ భవనం, ఎత్తైన స్తంభాలతో, విశాలమైన తోటలతో, నగరంలో రెండవ రాజప్రాసాదంవలె వెలుగుతుండేది.

కంపెనీ అధికారుల ఆధ్వర్యంలో నడిచే హైదరాబాదు కంటింజెంట్ సైన్యం ఖర్చును మాత్రం నిజామే భరించాలి. ఆ బాకీలు పెరిగి పెరిగి కొండలయ్యాయి. చివరకు 1853లో సారవంతమైన బీరారు, ఉస్మానాబాదు వైపునున్న నల్‌దుర్గ్, కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది ప్రాంతాలను కంపెనీ స్వాధీనం చేయవలసి వచ్చింది. పత్తి పండే నేలలు పోయాయి, పరువు కూడా పోయింది. ఆ సంవత్సరమే ఇరవై నాలుగేళ్ళ ప్రాయంలో సాలార్ జంగ్ దివాన్ పదవిని చేపట్టారు. రాజ్యాన్ని ఆర్థికంగా చక్కదిద్దడమే ఆయన ధ్యేయం. అందుకై ఆంగ్లేయులతో సామరస్యం తప్పదని ఆయన నమ్మకం. నగర ప్రజల మనోభావం ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఈ రెండింటి మధ్య అగాధం నాలుగేళ్ళపాటు లోలోపల పెరుగుతూ వచ్చింది.

1857 మే 10న మీరట్‌లో సిపాయిలు తిరగబడి, మరునాటికి ఢిల్లీ చేరి వృద్ధుడైన బహదూర్ షాను చక్రవర్తిగా ప్రకటించారు. విధివశాత్తు అదే మాసంలో హైదరాబాదులో నాసిరుద్దౌలా కాలధర్మం చెందగా, ఆయన కుమారుడు అఫ్జలుద్దౌలా సింహాసనం ఎక్కారు. కొత్త ప్రభువు, యువకుడైన దివాన్, ఆ సంవత్సరమే రెసిడెంటుగా వచ్చిన డేవిడ్సన్, వీరి ముగ్గురి ముందు ఒక మండుతున్న నగరం నిలిచింది. జూన్ మాసంలో గోడలపై రాత్రికి రాత్రి ప్రకటనలు వెలిసేవి. మసీదు ప్రాంగణంలో జనం గుమిగూడేవారు. సాలార్ జంగ్ తన అరబ్బు సైనికులను పంపి వారిని చెదరగొట్టేవారు. చెదరిన జనం మరునాడు తిరిగి కూడేవారు.

ఇంతలో ఔరంగాబాదులో కంటింజెంట్ అశ్వికదళంలో కలకలం చెలరేగింది. తమ సోదరులపైనే కత్తి దూయడానికి ఢిల్లీ వైపు తమను నడిపిస్తారన్న అనుమానం వారి ఆగ్రహానికి కారణం. ఆ తిరుగుబాటును కంపెనీ సేనలు కఠినంగా అణచివేశాయి. జమేదార్ చీదాఖాన్ అనే యోధుడు కొద్దిమంది అనుచరులతో తప్పించుకొని, నిజాం తమకు ఆశ్రయం ఇస్తారనే ఆశతో హైదరాబాదు చేరాడు. ఆశ్రయం దొరకలేదు. దివాన్ వారిని బంధించి రెసిడెన్సీకి అప్పగించారు. ఈ వార్త నగరంలో దావానలంవలె వ్యాపించింది. శరణు కోరి వచ్చినవానిని శత్రువు చేతికి అప్పగించడం హిందువులకు గాని, ముస్లిములకు గాని ఏ ధర్మంలోనూ సమ్మతం కాదు గదా! మౌల్వీ అల్లాఉద్దీన్ హృదయాన్ని కలచివేసినది ముఖ్యంగా ఈ సంఘటనయే.

1857 జూలై 17 శుక్రవారం. మక్కా మసీదులో ప్రార్థనలు ముగిశాయి. చీదాఖానునూ, అతని సహచరులనూ విడిపించాలన్న సంకల్పం జనంలో దృఢపడింది. బేగంబజారు ప్రాంతానికి చెందిన తుర్రెబాజ్ ఖాన్ నాయకత్వంలో సుమారు 500 మంది రోహిల్లాలు ఆయుధాలు ధరించి సిద్ధమయ్యారు. కొలువు వెతుక్కుంటూ దక్కనుకు వలస వచ్చిన పఠాన్ యోధులనే మన వైపు రోహిల్లాలు అంటారు. వారితో నగరవాసులు కూడా కలిశారు. మౌల్వీ గారు మసీదులో ప్రసంగించి ఇంటికి వెళ్ళిపోలేదు. ఇది ఆయన జీవితంలో గమనింపదగిన ఘట్టం. ఇతరులను యుద్ధానికి పురికొల్పి తాను వెనుక నిలిచే వక్తలు ప్రతి యుగంలోనూ ఉంటారు. మౌల్వీ అల్లాఉద్దీన్ ఆ కోవకు చెందినవారు కారు. తన మాటకు తానే పూచీగా ఆ దండు ముందు నడిచారు.

ఆ దండు మూసీ నదిని దాటి సాయంకాలానికి రెసిడెన్సీ పరిసరాలకు చేరింది. పడమటి గోడకు ఎదురుగా అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరి మేడలు ఉండేవి. తిరుగుబాటుదారులు ఆ రెండు మేడలను ఆక్రమించి, పై అంతస్తుల నుండి రెసిడెన్సీలోనికి కాల్పులు సాగించారు. ఒక ముస్లిం ఇల్లు, ఒక హిందువు ఇల్లు ఆ రాత్రి పక్కపక్కన నిలిచి పోరాటానికి కోటగోడలయ్యాయి. చరిత్రలో ఇటువంటి చిన్న విషయాలే పెద్ద సత్యాలను చెబుతాయి.

అయితే రెసిడెన్సీ నిద్రపోవడం లేదు. సాలార్ జంగ్ ముందుగానే డేవిడ్సనుకు కబురు అందజేశారు. మేజర్ బ్రిగ్స్ ఆధ్వర్యంలో మద్రాసు ఫిరంగి దళం సిద్ధంగా ఉన్నది. రోహిల్లాల చేతులలో ఉన్నవి కత్తులు, నాటు తుపాకులు. ఎదుట ఉన్నవి ఫిరంగులు. సాయంత్రం మొదలైన పోరు రాత్రంతా సాగింది. తెల్లవారుజామున నాలుగు గంటల వేళకు తిరుగుబాటుదారుల తుపాకులు మూగబోయాయి. చనిపోయినవారు చనిపోగా, మిగిలినవారు చీకటి చాటున చెదరిపోయారు. మౌల్వీ గారు, తుర్రెబాజ్ ఖాన్ సైతం శత్రువుకు చిక్కకుండా తప్పించుకొన్నారు.

ఒక్క రాత్రి పోరాటమే కదా అని దీనిని తేలికగా తీసివేయరాదు. దక్షిణాపథంలో అతి పెద్ద రాజ్యం హైదరాబాదు. అది గనుక తిరుగుబాటులో చేరితే బొంబాయి, మద్రాసు ప్రాంతాలు కూడా చేజారుతాయని ఆంగ్లేయాధికారులు గడగడలాడుతున్న రోజులవి. ఆ రాత్రి తరువాతనే రెసిడెన్సీ గోడలను బలపరచి, బురుజులు కట్టించారు. ఐదు వందల మంది సామాన్యుల తెగింపు ఒక సామ్రాజ్యం చేత బురుజులు కట్టించిందంటే, అది వట్టి అల్లరి కాదని ఒప్పుకోక తప్పదు.

నిష్పాక్షికంగా చూస్తే ఆ ప్రయత్నంలో లోపాలు లేకపోలేదు. ముందుచూపుతో వేసిన పథకం లేదు. నిజాం సైన్యంలో ఒక్క భాగమైనా వారితో కలిసి రాలేదు. ప్రభువు మౌనం వహించారు, దివాన్ ఎదురు నిలిచారు. రాజ్యాన్ని కాపాడుకోవడానికి తాను చేసినదే సరియైనదని సాలార్ జంగ్ నమ్మారు. 1860లో రాయచూరు, నల్‌దుర్గ్ తిరిగి నిజాముకు దక్కాయి, 50 లక్షల బాకీ రద్దయింది. దివాన్ లెక్కలో అది లాభమే. కాని ఆ లాభానికి వెల చెల్లించినవారు ఎవరు? చీదాఖాన్ వంటి సిపాయిలు, తుర్రెబాజ్ వంటి యోధులు, అల్లాఉద్దీన్ వంటి పండితులు. మనకు పొరుగున ఉన్న సురపురం రాజు వెంకటప్ప నాయకుడు సైతం 1858లో తిరగబడి, హైదరాబాదులో బందీయై, శిక్ష అనుభవించడానికి వెళ్తూ దారిలోనే తుపాకి గుండుతో ప్రాణాలు విడిచిన యువకుడు. ఆయన సంస్థానం కూడా 1860లో నిజాముకు బహుమానంగా లభించింది. లాభనష్టాల పట్టికలో ఇటువంటి వారి పేర్లు కనిపించవు. వాటిని వ్రాసుకోవలసినవారు తరువాతి తరాలవారే.

దాడి జరిగిన కొద్ది రోజులకే తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడ్డారు. మౌల్వీ ఎక్కడ దాగియున్నదీ చెప్పమని ఎంత ఒత్తిడి చేసినా ఆయన పెదవి విప్పలేదని చెప్పుకొంటారు. ఆయనకు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష విధించబడింది. కాని అండమానుకు పంపేలోగానే, 1859 జనవరి 18న ఆయన కాపలావారి కన్నుగప్పి తప్పించుకొన్నారు. ప్రభుత్వం 5000 రూపాయల బహుమతి ప్రకటించింది. ఆరు రోజులు గడవకముందే, జనవరి 24న తూప్రాన్ సమీపంలో ఆయనను కాల్చి చంపారు. ఆ భౌతికకాయాన్ని హైదరాబాదుకు తెచ్చి, జనానికి గుణపాఠంగా బహిరంగంగా వ్రేలాడదీశారు. జనం మాత్రం వేరే పాఠం నేర్చుకొని, ఆ పేరును తమ పలుకుబడిలో కలుపుకొన్నారు.

మౌల్వీ గారి కథ వేరు. ఆయన నగరం విడిచి, మంగళపల్లి అనే గ్రామంలో పీర్ మహమ్మద్ అనే ఆయన ఆశ్రయంలో అజ్ఞాతవాసం గడిపారు. శరణు కోరి వచ్చినవానిని అప్పగించరాదన్న ధర్మం కోసం పోరాడిన మనిషికి, ఆ ధర్మాన్ని పాటించిన గృహస్థు ఒకడు దొరకడం ఆ కథలో వెలుగు నింపే ఘట్టం. కొలువులలో కనుమరుగైన ధర్మం ఒక పల్లెటూరి ఇంటిలో సజీవంగా ఉన్నది. కాని ప్రభుత్వ వేగులవారి కన్ను ఎంతో కాలం తప్పించుకోవడం అసాధ్యం. మౌల్వీ గారు మంగళపల్లిలోనే పట్టుబడ్డారు. విచారణ జరిగింది. ఆయనకూ యావజ్జీవ ద్వీపాంతరవాసమే విధించబడింది. అప్పటికే 1858 నవంబరు 1న విక్టోరియా రాణి క్షమాభిక్షా ప్రకటన దేశమంతటా చదివి వినిపించబడింది. ఆ క్షమ మౌల్వీ అల్లాఉద్దీన్ వరకు రాలేదు. 1859 జూన్ 28న ఆయనను అండమానుకు పంపివేశారు. అప్పటికి ఆయన వయస్సు సుమారు ముప్పది అయిదు సంవత్సరాలు. జీవితంలో ఫలించవలసిన భాగమంతా ఇంకా ముందున్నది.

ద్వీపాంతరవాసం అన్న మాట నేటి విద్యార్థికి నిఘంటువులో ఒక పదం మాత్రమే. ఆనాటి మనిషికి అది మరణం కంటె భయంకరమైనది. కాలాపానీ, అనగా నల్లనీరు అని జనం దానికి పేరు పెట్టారు. సముద్రం దాటితే కులం పోతుందని కొందరు భయపడేవారు. కన్నవారి సమాధుల పక్కన చోటు దొరకదని మరికొందరు దుఃఖించేవారు. ఉరితీయబడినవానికి కనీసం అంత్యక్రియ జరుగుతుంది, ఇంటివారు ఏడ్చి కొంతకాలానికి ఊరట చెందుతారు. ద్వీపాంతరం పోయినవాడు ఉన్నాడో లేడో తెలియదు. భార్య ముత్తైదువో వితంతువో తెలియదు. దుఃఖానికి తుది లేదు. ఈ శిక్షను కనిపెట్టినవారు శరీరాన్ని మాత్రమే కాక, మనిషి జ్ఞాపకాన్నే బంధించారు.

అండమానులో ఆ నిర్బంధ స్థావరం ప్రారంభమై అప్పటికి ఏడాదికి పైగా అయింది, అంతే. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ రేవులో దిగాడు. ముందుగా ఛాతం దీవిలో, తరువాత రాస్ దీవిలో అడవులు నరికించారు. నరికినవారు ఖైదీలే, గుడిసెలు కట్టినవారూ ఖైదీలే. కాళ్ళకు బేడీలు, తలపై ఎడతెగని వాన, కాళ్ళక్రింద జలగలతో నిండిన బురద. మలేరియా జ్వరంతో, విరేచనాలతో మనుషులు రాలిపోయేవారు. తాళలేక అడవులలోకి పారిపోయినవారిని ద్వీపవాసులైన ఆదిమ జాతులవారు బాణాలతో ఎదుర్కొనేవారు. తిరిగి వచ్చి పట్టుబడినవారికి వాకర్ చేతిలో చావు సిద్ధంగా ఉండేది. 1858లో ఆయన 86 మందిని ఒక్కరోజునే ఉరి తీయించాడన్న విషయం ఆనాటి కలకత్తా ప్రభుత్వానికే రుచించలేదు. తమ అడవులను నరికివేస్తున్న ఈ పరాయివారిపై 1859 మే మాసంలో ఆదిమవాసులు పెద్ద ఎత్తున దండెత్తారు. దానినే అబర్డీన్ పోరాటం అంటారు. ఆ పోరాటం ముగిసిన కొద్ది వారాలకే మౌల్వీ గారి ప్రయాణం ప్రారంభమైంది.

మన ప్రాంతపు వాతావరణాన్ని, ఆ దీవుల వాతావరణాన్ని పోల్చి చూడండి. మన పాలమూరు, నల్లగొండ మెట్టలలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురిస్తే మంచి సంవత్సరమని సంతోషిస్తాము. పోర్ట్ బ్లెయిరులో కురిసే వాన దాదాపు 3000 మిల్లీమీటర్లు. వానకై ఆకాశం వంక చూసే నేలపై పుట్టినవాడు, వాన ఆగడం లేదని ఆకాశం వంక చూసే నేలపై జీవితం గడపవలసి వచ్చింది. జొన్నరొట్టె, పచ్చజొన్న అన్నం ఎరిగిన నాలుకకు ప్రభుత్వం కొలిచి ఇచ్చే బియ్యమే గతి. చెవిన పడే భాషలు అనేకం. బెంగాలీలు, పంజాబీలు, మరాఠీలు, తమిళులు, మన తెలుగువారు అందరూ కలిసిన ఆ ఖైదీల లోకంలో హిందుస్తానీయే ఉమ్మడి భాషగా ఎదిగింది. దేశం నలుమూలల నుండి బేడీలతో తెచ్చినవారు ఒకరి మాట ఒకరు నేర్చుకొని, మతభేదాలు సడలించుకొని, ఒక కొత్త సమాజాన్ని నిర్మించుకోవడం ఆ చీకటి కథలో కనిపించే ఒక చిన్న దీపం.

మౌల్వీ అల్లాఉద్దీన్ వంటి పండితులు ఆ దీవులలో మరికొందరు ఉన్నారు. అరబ్బీ, తర్కశాస్త్రాలలో దేశఖ్యాతి గడించిన మౌలానా ఫజ్లె హఖ్ ఖైరాబాదీని కూడా 1859లోనే అక్కడికి తెచ్చారు. రెండేళ్ళు తిరగకముందే, 1861లో ఆయన ఆ దీవిలోనే కన్నుమూశారు. 1866లో వచ్చిన జాఫర్ థానేసరీ మాత్రం 1883లో విడుదలై స్వదేశం చేరి, తన అనుభవాలను ఉర్దూలో గ్రంథంగా వ్రాశారు. ఖైరాబాదీ వ్రాతలు అరబ్బీలో నిలిచాయి, థానేసరీ కథ ఉర్దూలో నిలిచింది. మన మౌల్వీ గారి జీవితం మాత్రం ప్రభుత్వ కాగితాలలోనూ, హైదరాబాదు చరిత్ర పుటలలోనూ కొన్ని పంక్తులుగానే మిగిలింది. నగరాన్ని కదిలించిన ఆ గొంతును సముద్రం మ్రింగివేసింది.

ఇక్కడ ఒక పొరపాటును సవరించుకోవడం అవసరం. మౌల్వీ గారిని సెల్యులర్ జైలులో బంధించారని చాలామంది వ్రాస్తున్నారు, ఉపన్యాసాలలో చెబుతున్నారు. ఇది సరికాదు. దాదాపు 700 గదులతో, ఏడు బాహువులతో నిర్మించిన ఆ కారాగారం పని 1896లో ప్రారంభమై 1906లో పూర్తయింది. అప్పటికి మౌల్వీ గారు కాలం చేసి ఎన్నో సంవత్సరాలైంది. తరువాతి తరం విప్లవకారులు అనుభవించినది రాతిగోడల చెర. మౌల్వీ గారి తరం అనుభవించినది గోడలు లేని చెర. వారికి సముద్రమే గోడ, అడవే తాళం, జ్వరమే జవాను. పర్యాటకులు నేడు చూసి కంటతడి పెట్టే కట్టడమేదీ ఆ తొలితరం కష్టాలకు సాక్షిగా లేదు. వారు నరికిన అడవి, వేసిన బాటలే సాక్షి. కొంతవరకు వారు విస్మృతిలో పడిపోవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

ఏళ్ళు గడిచాయి. మౌల్వీ గారు ఆ దీవులలో ఉన్న కాలంలోనే, 1872 ఫిబ్రవరి 8న, అండమాను తనిఖీకి వచ్చిన వైస్రాయి మేయో ప్రభువును షేర్ అలీ అనే పఠాన్ ఖైదీ పొడిచి చంపాడు. ఆ వార్తకు లండను నగరం వరకు అదిరిపడింది. ఆ తరువాత ఖైదీలపై నిఘా మరింత బిగిసింది.

ఇటు స్వదేశంలో ఎన్నో మార్పులు వచ్చాయి. 1862లో రెసిడెంటు డేవిడ్సన్ మరణించాడు. 1865లో సాలార్ జంగ్ జిలాబందీ విధానాన్ని ప్రవేశపెట్టి రాజ్యాన్ని జిల్లాలుగా విభజించారు. 1869లో అఫ్జలుద్దౌలా మరణించగా, రెండేళ్ళ పసివాడైన మహబూబ్ అలీ ఖాన్ నిజాం అయ్యారు. 1874లో వాడి నుండి హైదరాబాదుకు రైలు వచ్చింది. 1883లో సాలార్ జంగ్ కూడా కన్నుమూశారు. ఆ జూలై రాత్రి ఎదురెదురుగా నిలిచిన పెద్దలందరూ ఒకరి తరువాత ఒకరు వెళ్ళిపోయారు. దండు ముందు నడిచిన మౌల్వీ ఒక్కరే, ఎవరూ వినని చోట, ఆ రాత్రి జ్ఞాపకాన్ని మోస్తూ మిగిలారు. తాను పెరిగిన సీమకు రైలు వచ్చిందని గాని, ద్వేషించిన దివాన్ పోయారని గాని చెప్పుకోవడానికి ఆయన పక్కన మన ఊరివాడు ఒక్కడైనా ఉన్నాడా అని తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

1880ల దశకంలో మౌల్వీ సయ్యద్ అల్లాఉద్దీన్ అండమానులోనే తుదిశ్వాస విడిచారు. ముప్పది అయిదేళ్ళ వయస్సులో వెళ్ళినవారు తిరిగి రాలేదు. నల్లగొండ ఎర్రమట్టిలో కలవవలసిన దేహం పరాయి దీవి మట్టిలో కలిసింది.

మిత్రులారా! ఒక్క రాత్రి వీరునిగా మరణించడానికి ధైర్యం కావాలి, సందేహం లేదు. కాని పాతికేళ్ళపాటు ప్రతి ఉదయం లేచి, ఓడిపోయిన పోరాటపు ఫలితాన్ని అనుభవించడానికి కావలసిన ధైర్యం ఏమి తక్కువ? మొదటి ధైర్యానికి పాటలు పుడతాయి, సామెతలు పుడతాయి. రెండవ ధైర్యానికి సాక్షులు ఉండరు. మనం పరీక్షలలో తప్పినప్పుడు, ఇంటి ఇబ్బందులు చదువును అడ్డుకొన్నప్పుడు, మనకు కావలసింది ఎక్కువగా ఈ రెండవ ధైర్యమే. అందుచేతనే తుర్రంఖాన్ పేరు పలికేవారందరూ అల్లాఉద్దీన్ పేరును కూడా నేర్చుకోవాలి.

మీరు హైదరాబాదు వెళ్ళినప్పుడు కోఠిలో బస్సు దిగి నాలుగడుగులు వేయండి. 1857 వీరుల స్మారకస్తంభం అక్కడ ఉన్నది. దగ్గరలోనే ఆనాటి రెసిడెన్సీ భవనం నేటికీ నిలిచి ఉన్నది. 1949లో అందులోకి మహిళా కళాశాల తరలివచ్చింది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో తెలంగాణ సాయుధ పోరాట వీరనారి చాకలి ఐలమ్మ పేరును ధరించింది. కత్తులతో వచ్చిన ఐదు వందల మందికి ఆ రాత్రి లొంగని ఆ ఆవరణలోనికి, ఇప్పుడు ప్రతి ఉదయం మన పల్లెల ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకొని వెళ్తున్నారు. నల్లగొండ నుండి, పాలమూరు నుండి వచ్చిన బిడ్డలు వారిలో ఎందరో ఉంటారు. వారిని అక్కడ ఎవరూ ఆపరు. ఆ ద్వారం ముందు ఒక్క క్షణం ఆగి, దానిని తెరిపించబోయి సముద్రం పాలైన మన ప్రాంతపు మౌల్వీని తలచుకోండి.